పోటు చూసి పడవెక్కాలి

దీవులకన్నా ముందు నీళ్ల రంగు మారుతుంది. చెన్నైలో లేచిన దగ్గర్నుంచీ ముదురు నీలం తప్ప ఇంకేమీ చూపించని బంగాళాఖాతం ఉన్నట్టుండి పలచబడుతుంది. లేత ఆకుపచ్చ అంచు, అందులో అక్కడక్కడ గోధుమరంగు మరకలు, ఆ వెనక చెట్లు కమ్మేసిన కొండలు. ఆ మరకలే పగడపు దిబ్బలు. మా ఆవిడ కిటికీకి ముఖం ఆనించి చూస్తోంది. మా బావమరిది మాత్రం తల ఎత్తడం లేదు. ఫోన్లో ఎక్సెల్ షీట్ తెరిచి అరగంటకో గడి చొప్పున మా ప్రయాణాన్ని నింపుతున్నాడు.

"బావా, దిగిన రోజు సాయంత్రం నాలుగింటికి కార్బిన్స్ కోవ్. నీల్ అయ్యాక హావ్‌లాక్, అక్కడ మధ్యాహ్నం మూడున్నరకి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్..."

చక్రాలు రన్‌వేను తాకుతాయి. బయట వేడి, ఉప్పు, తడి ఆకుల వాసన. ఈ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. అయినా ఆటో డ్రైవరుకి పోర్ట్ బ్లెయిర్ అంటేనే బండి కదులుతుంది. హావ్‌లాక్ 2018 డిసెంబరులోనే స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. టికెట్ మీద కొత్త పేర్లుంటాయి, నోట్లో పాతవి ఉంటాయి. నేనూ నోటి పేర్లే రాస్తాను.

నాలుగు దాటేసరికే ఎండ పసుపెక్కుతుంది. ఐదున్నర దాటితే సూర్యుడుండడు. ఫిబ్రవరిలో ఇదీ లెక్క. మన దేశం గడియారం నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. ఆ గీత మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు వేసుకుంటే సూర్యుడు ఇక్కడ నలభై నిమిషాలు ముందే డ్యూటీ ఎక్కి, ముందే దిగిపోతాడు. కాబట్టి సాయంత్రం ఐదున్నరకి పెట్టుకున్న ఏ బీచ్ గడి అయినా చీకట్లో పెట్టుకున్నట్టే. మొదటి రోజే మా వాడి షీట్‌లో ఒక వరుస ఎర్రబడింది.

అసలు దెబ్బ మర్నాడు పొద్దున జంగ్లీఘాట్‌లో తగిలింది.

జంగ్లీఘాట్ చేపల రేవు. తెల్లవారకముందే బోట్లు వచ్చి ఆగుతాయి. కాంక్రీటు గచ్చంతా నీళ్లు, ఐసు ముక్కలు, పొలుసులు. చెప్పు జారకుండా నడవడమే ఒక విద్య. అటుపక్క నీలం ట్రేలలో సూర చేపలు, గట్టిగా, నున్నగా, ఒక్కోటి చంటిపిల్లంత బరువు. ఇటుపక్క పార, కానాగంతలు, కాళ్లు తాళ్లతో కట్టేసిన పీతలు. చెవిన పడే భాష విని మా ఆవిడ ఆగిపోయింది. హిందీ మధ్యలో తెలుగు, అదీ అచ్చమైన ఉత్తరాంధ్ర తెలుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఆ లెక్క చదివితే అంకె. ఈ గచ్చు మీద నిలబడితే కేకలు, బేరాలు, తిట్లు.

"ఏటి బాబూ, వైజాగా?" పీట మీద కూర్చుని వంజరం తల నరుకుతున్న పెద్దావిడ అడిగింది.

"హైదరాబాదమ్మా."

"మాది బారువ కాడ. నాను పుట్టింది మాత్రం ఇక్కడే. ఏటి కావాల? కోనాం తీసుకోండి, రేత్రి పట్టిందే." వంజరాన్ని వాళ్లు కోనాం అంటారు.

వండుకోవడానికి గది లేదని, నీల్, హావ్‌లాక్ చూడ్డానికి వచ్చామని చెప్పాం. ఏ రోజు ఎక్కడికని అడిగింది. మా బావమరిది ఉత్సాహంగా షీట్ చదివి వినిపించాడు. ఎల్లుండి నీల్‌లో, పొద్దున తొమ్మిదికి రాతి వంతెన, మధ్యాహ్నం మూడున్నరకి భరత్‌పూర్‌లో స్నార్కెలింగ్. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"తిరగేసి రాసీసినారు బాబూ. ఎల్లుండి పున్నం. పొద్దున తొమ్మిదికి పోటు మీదుంతాది, నీలు నిండుగుంతాయి. రాయి కాడికి ఎలాగెల్తారు? మజ్జానం మూడు దాటితే పాటు. నీలన్నీ ఎల్లిపోతాయి. అప్పుడు బరత్‌పూర్లో దిగితే కడుపు రాయికి రాసుకుంతాది. పొద్దున ఈదండి, మజ్జానం నడండి."

మా వాడు ఫోన్లో పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక వెతికాడు. మన సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికలున్నాయి. చూసి, ఏమీ మాట్లాడకుండా రెండు గడులు కత్తిరించి అటుదిటు అతికించాడు.

నా ఉద్దేశంలో దీవుల ప్రయాణానికి ముందు చూసుకోవాల్సింది హోటల్ రేటింగు కాదు, పంచాంగం. అమావాస్యకీ పున్నమికీ సూర్యచంద్రులు భూమితో ఒకే వరసలోకి వస్తారు. ఇద్దరి లాగుడూ కలిసి నీళ్లు బాగా పైకి లేస్తాయి, అంత బాగానూ దిగిపోతాయి. అష్టమి దగ్గర ఇద్దరూ అడ్డదిడ్డంగా లాగుతారు కాబట్టి తేడా తక్కువ. పోటు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల పున్నమి, అమావాస్యల్లో సుమారుగా పొద్దున తొమ్మిది పది మధ్య నీళ్లు నిండుతాయి, మధ్యాహ్నం మూడు దాటాక అడుగంటుతాయి. అష్టమి వచ్చేసరికి ఆ సమయాలు తారుమారైపోతాయి. అంటే పొద్దున ఈత, మధ్యాహ్నం రాళ్ల మీద నడక, సూర్యాస్తమయానికి విశాలమైన ఇసుక, ఇవన్నీ ఒకే రోజు కావాలంటే పున్నమి పక్కనో అమావాస్య పక్కనో తేదీలు వేసుకోవాలి. మాఘ పున్నమికి సముద్ర స్నానం చేయాలని మన పెద్దలు ఎందుకన్నారో గానీ, నీల్ దీవికి మాత్రం ఆ తిథి అతికినట్టు సరిపోతుంది.

నెలల సంగతి ఇంకా తేలిక. మన ఊళ్లకన్నా రెండు వారాల ముందే, మే మూడో వారంలో, నైరుతి ఇక్కడికొచ్చేస్తుంది. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా పడవలు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి తగ్గి నీళ్లు తేరుకుంటాయి. పడవ టికెట్లు ముందు, గదులు తర్వాత. ఈ వరస తిరగబడితే గది ఒక దీవిలో, మనం ఇంకో దీవిలో ఉంటాం.

పడవలు రెండు రకాలు. ప్రైవేటువి ఏసీవి, వేగంగా వెళ్తాయి, గంటన్నరలో హావ్‌లాక్ చేరుస్తాయి. అయితే అద్దాలు బిగించి కూర్చోబెడతారు. ప్రభుత్వ ఫెర్రీ నెమ్మదిగా పోతుంది, డీజిలు వాసనేస్తుంది, కానీ డెక్ మీద నిలబడనిస్తారు. మేం వెళ్లేటప్పుడు ఫెర్రీ ఎక్కాం. ఫీనిక్స్ బే జెట్టీ దాటి, రాస్ దీవి పోయాక, ముందు నీళ్లలోంచి ఒక గుంపు ఎగిరింది. పిట్టలనుకుంటే చేపలు. ఈత రెక్కలు చాపుకుని కెరటం మీదుగా జారుతూ వెళ్లి, అల్లంత దూరాన మళ్లీ మునిగాయి. కూరగాయల బుట్ట మీద కూర్చున్న నీల్ రైతు మా కేకలు విని నవ్వాడు. అండమాన్‌కి కూరగాయలు పండించి పెట్టేది నీలే. ఆయన బుట్ట ఖాళీగా వెనక్కి పోతోంది.

నీల్‌లో దిగాక జెట్టీ చివరిదాకా నడవకండి. మధ్యలో ఆగి కిందికి చూడండి. కాంక్రీటు స్తంభాల చుట్టూ చారల చేపలు తిరుగుతుంటాయి, అడుగు ఇసుక కనబడుతుంటుంది. ఎంత లోతో కంటికి తెలియదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకి ఈ దీవిలో భూములిచ్చారు. ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్. దీవి ఈ కొస నుంచి ఆ కొసకి స్కూటరు మీద పావుగంట. పొలాలు, పోకచెట్లు, అరటి, మళ్లీ పొలాలు, ఉన్నట్టుండి సముద్రం.

పున్నమి పొద్దున ఎనిమిదిన్నర. భరత్‌పూర్ బీచ్. నీళ్లు ఇంకా పైకొస్తున్నాయి.

మాస్క్ ముందు పరీక్షించుకోవాలి. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేయాలి. పడిపోకుండా అతుక్కునుంటే అది మీ ముఖానిది. మీసాలున్నవాళ్లకి పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, మా బావమరిది అక్కడ కాస్త వాజిలైన్ రాసుకున్నాడు. అద్దం లోపల ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. మా ఆవిడ ముఖం చిట్లించింది, తర్వాత తనే ముందు రాసుకుంది. సన్‌స్క్రీన్ బదులు నిండు చేతుల చొక్కా మేలు. కొన్ని సన్‌స్క్రీన్లలో వాడే ఆక్సీబెంజోన్ పగడాలకి పడదు, మన వీపు కాలకుండా ఉండటానికీ గుడ్డకి మించింది లేదు.

ముఖం నీళ్లలో పెడతాను. మొదట వినబడేది నా ఊపిరే, గొట్టంలో గరగరా. పదిసార్లు పీల్చి వదిలాక గుండె కుదుటపడుతుంది. అప్పుడు రెండో చప్పుడు వినబడుతుంది. నాలుగు వైపుల నుంచీ, ఎడతెగకుండా, పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు. చిన్న రొయ్యలు గోళ్లు చిటికెలేస్తే పుట్టే చప్పుడది. దాని మధ్య అప్పుడప్పుడూ కటుక్, కటుక్. తల తిప్పితే పారట్‌ఫిష్. నెమలికంఠం రంగు, పెదాల చోట చిలక ముక్కు లాంటి పళ్లు. పగడపు రాయి మీద పాచి కొరుకుతోంది. పాచితో పాటు రాయి కూడా కాస్త నలుగుతుంది. కాసేపటికి దాని వెనక నుంచి తెల్లని పొడి ధారగా జారి నీళ్లలో చెదిరింది. ఒడ్డున మనం ఫొటోలు దిగే తెల్లని ఇసుకలో కొంత ఇలా వచ్చిందే. ఈ చేపని తినే వాళ్లున్నారు. నేను మాత్రం హోటల్లో కనబడితే వద్దంటాను. దిబ్బకి పాచి దులిపే పనివాడు అది.

గైడు రబ్బరు చక్రం పట్టుకుని మమ్మల్ని లాగుతున్నాడు. వేలితో చూపించాడు. ఎనిమోన్ చేతుల మధ్య నారింజరంగు నీమో. దాని వెనక చిన్నవి ఇంకో రెండు. పెద్దది ఆడది. అది చచ్చిపోతే తర్వాతి మగ చేప ఆడదిగా మారి ఆ స్థానంలోకి వస్తుంది. కుటుంబ పెద్దరికం ఖాళీగా ఉండదన్నమాట. పెద్దది మా వైపు దూసుకొచ్చి, అద్దానికి జానెడు దూరంలో ఆగి, వెనక్కి పోయింది. అంత చిన్న ప్రాణి మూడు లైఫ్ జాకెట్లని అదిలించడం చూస్తే ముచ్చటేసింది.

కొంచెం ముందుకి పోయాక రంగులు ఆగిపోయాయి. విరిగిన బూడిదరంగు కొమ్మలు గుట్టలుగా పడున్నాయి. పగడం లోపల బతికే సూక్ష్మమైన ఆల్గే దానికి అన్నం పెడుతుంది, రంగూ ఇస్తుంది. నీళ్లు మామూలుకన్నా వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ ఆల్గే బయటికి పోతుంది. పగడం తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ దిబ్బలకి అలాంటి దెబ్బ గట్టిగా తగిలింది, 2016లో మళ్లీ. ఆ గుట్టల మీద ఇప్పుడు వేలెడంత లేత పగడాలు లేస్తున్నాయి. వాటి మీద ఒక్క కాలు పడితే చాలు. పోటు నిండుగా ఉన్నప్పుడు దిగమని జంగ్లీఘాట్ పెద్దావిడ ఎందుకందో ఇక్కడ కంటికి కనబడింది. మా పొట్టకీ దిబ్బకీ మధ్య మనిషి లోతు నీళ్లున్నాయి కాబట్టి మేం దేన్నీ తాకకుండా తేలిపోతున్నాం.

పక్క గుంపు గైడు సముద్రపు దోసకాయని పైకి తీసి ఒకాయన చేతిలో పెడుతున్నాడు. వీడియో కోసం. సీ కుకుంబర్‌కి మన వన్యప్రాణి చట్టంలో 2001 నుంచి పులితో సమానమైన రక్షణ ఉంది. పులిని ఎవరూ ఇలా అరచేతిలో పెట్టుకోరు.

మధ్యాహ్నం మూడున్నరకి లక్ష్మణ్‌పూర్ వెళ్లాం. పొద్దున చూసిన సముద్రం ఇదేనా అనిపించేలా నీళ్లు వెనక్కి పోయాయి. రాళ్లు, గుంటలు, పాచి. బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్న రాతి వంతెన కింద పొడిగా నిలబడొచ్చు. ఒక గుంటలో చిన్న ఆక్టోపస్ రాయి రంగులో కూర్చుంది. చెప్పేదాకా కనబడలేదు, చెప్పాక కళ్లు తిప్పుకోలేకపోయాం. రాళ్ల అంచులు పదునుగా ఉంటాయి, రబ్బరు చెప్పులు కాకుండా పట్టీ చెప్పులు వేసుకోవాలి. పొద్దు ఇటు పడమట మునిగింది. అప్పటికప్పుడు స్కూటర్లెక్కి సీతాపూర్ పోతే అటు తూర్పున చంద్రుడు నీళ్లలోంచి లేచాడు. ఒక పావుగంటలో రెండు సముద్రాలు చూసినట్టయింది.

రాత్రి తిండి గురించి ఒక నియమం పెట్టుకున్నాం. మెనూ చూడకూడదు, చేపని చూడాలి. నీల్ బజారులో రేకుల కప్పు కింద ఒక బెంగాలీ దంపతుల హోటలు. ముందు ఐసు పెట్టెలో చేపలు పరిచారు. మా ఆవిడ వంటింటి అధికారంతో ఒక్కోటి పరీక్షించింది. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, గుంటపడి తెల్లబడితే పాతది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడిపోవాలి. ఒక పార చేప నెగ్గింది. ఆ తర్వాత తూకం, తూకం తర్వాత ధర, ధర తర్వాతే వంట. లాబ్‌స్టర్ దగ్గర ఈ వరస తప్పితే బిల్లు చూశాక ఎవరూ మాట్లాడుకోరు.

సగం బొగ్గుల మీద కాల్చమన్నాం, సగం హోటలామె ఇష్టానికి వదిలేశాం. కాల్చింది బాగుంది, అంతే. నిమ్మరసం, మిరియాలు, ఉల్లి చక్రాలు, ఏ బీచ్‌లోనైనా దొరికేదే. ఆమె చేసిన కూర వచ్చాక అందరం దాని మీదే పడ్డాం. ఆవాలు, పచ్చిమిర్చి కలిపి నూరిన ముద్ద, పైన పచ్చి ఆవనూనె, ముక్కులోకి ఎక్కే ఘాటు, కింద మెత్తగా విడిపోయే చేప. చింతపండు లేని చేపల కూర కూడా ఒక కూరేనా అనే మా బావమరిది రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. "ఇంకొంచెం భాత్?" అని ఆమె అడిగితే తలూపాడు, నోరు ఖాళీ లేదు.

హావ్‌లాక్ గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. నలుగురూ మొదట అక్కడికే పరిగెడతారు. ముందు నీల్ చూసి తర్వాత అక్కడికి పోతే మీ పడవ సగం ఖాళీగా ఉంటుంది. రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైనదంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. రెండూ తప్పు కాదు. ఒడ్డున ఇసుక పొడిలా ఉంటుంది, వెనక మహా వృక్షాలు. ఈ నీళ్లలో ఈదిన రాజన్ అనే ఏనుగు కలప లాగడానికి వచ్చి, ఆ పని ఆగిపోయాక ఇక్కడే ఉండిపోయి, 2016లో చనిపోయింది. మొసళ్ల హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. ఉప్పునీటి మొసలి 2010లో ఈ దీవిలోనే ఒక విదేశీ యాత్రికురాలిని చంపింది. గార్డు వద్దన్న వైపు దిగకండి. సాయంత్రం ఇసుకలో ఒట్టి కాళ్లతో కూర్చుంటే సాండ్‌ఫ్లైలు పీకి పెడతాయి, కొబ్బరినూనె రాసుకుంటే కాస్త నయం.

ఎలిఫెంట్ బీచ్‌కి జెట్టీ నుంచి పడవలో పోవచ్చు, అడవి బాటన నడిచీ పోవచ్చు. మేం నడిచాం. రెండు కిలోమీటర్లు, వేర్లు మెట్లలా అడ్డం పడిన దారి, చివర్న బురద. పడవలవాళ్లు వచ్చేలోపు చేరితే నీళ్లు మీవే. దిబ్బ ఒడ్డుకి దగ్గర్లోనే మొదలవుతుంది. అయితే ప్యాకేజీలో ఇచ్చే స్నార్కెలింగ్ మరీ తక్కువ సేపు, ఎంత దూరం లాగితే అంత రేటు. సొంత మాస్క్ తెచ్చుకున్నవాడే ఇక్కడ మహారాజు.

ఆ రాత్రి గాలి లేచింది. కొబ్బరి మట్టలు రేకుల మీద కొట్టుకుంటుంటే పడుకున్నాం. పొద్దున జెట్టీకి పోతే పలక మీద సుద్దతో రాసుంది, మా పడవ రద్దు. క్యూలో ఒకాయన మధ్యాహ్నం విమానముందని కౌంటరు కిటికీ మీద గుద్దుతున్నాడు. ఆయన భార్య పెట్టె మీద కూర్చుని ఎటో చూస్తోంది. మాకా తొందర లేదు. చివరి దీవికీ విమానానికీ మధ్య ఖాళీ వదలమని నేను పట్టుబట్టినప్పుడు మా బావమరిది దాన్ని 'బఫర్' అని రాసుకుని, దానికి రంగు కూడా వేయలేదు. ఇప్పుడు ఆ గడిలోంచే ఒక రోజు తీసుకున్నాం. టీ తాగి, మార్కెట్లో చేపల భోజనం తిని, మర్నాటి పడవలో పోర్ట్ బ్లెయిర్ చేరాం.

ఇంకా మిగిలిన రోజుతో ఏం చేయాలి? జాలీ బాయ్.

నన్నడిగితే స్నార్కెలింగ్ కోసమే వచ్చేవాళ్లు షీట్‌లో మొదట రాసుకోవాల్సిన పేరిది. వండూర్ దగ్గర పదిహేను దీవులు కలిపి 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం చేశారు. అందులో జాలీ బాయ్ నవంబరు నుంచి మే దాకా, రెడ్ స్కిన్ మిగతా నెలల్లో తెరుస్తారు. ఒకటి మూసినన్నాళ్లు దానికి విశ్రాంతి. సోమవారం సెలవు. అనుమతి ముందుగా తీసుకోవాలి. వండూర్ దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన నీళ్లు నిలిచిన మైదానాలు కనబడతాయి. అవి ఒకప్పటి పొలాలు. 2004 డిసెంబరు 26న భూకంపానికి ఇక్కడి నేల సుమారు మీటరు కుంగింది, ఉప్పునీళ్లొచ్చి మళ్లీ పోలేదు. ఉత్తరాన అదే రోజు నేల పైకి లేచి, దిబ్బలు నీళ్లలోంచి బయటపడి ఎండకి చచ్చిపోయాయి. మా డ్రైవరు ఆ మైదానాల వైపు చేత్తో చూపించి, మళ్లీ హారన్ కొట్టుకుంటూ పోయాడు.

వండూర్ జెట్టీలో సంచులు విప్పించారు. బిస్కెట్ కవరు, చిప్స్, పిల్లల షాంపూ ప్యాకెట్, అన్నీ బయటే. నీళ్ల సీసాకి డిపాజిట్ కట్టాలి, వెనక్కి తెచ్చి చూపిస్తే డబ్బు తిరిగిస్తారు. ఇంత గట్టిగా ప్లాస్టిక్ ఆపే చోటు మన వైపు ఒక్కటున్నా బాగుండుననిపించింది. మడ అడవుల మధ్య నుంచి గంటసేపు పడవ. దీవిలో హోటళ్లు లేవు, బస లేదు. నీళ్లలో మాత్రం కొమ్మలు, బల్లలు, మెదడు ముడతల్లాంటి బండలు, సజీవంగా. ఒకచోట పెద్ద ఆల్చిప్ప నోరు తెరుచుకునుంది, పెదాలు నీలం మీద ఆకుపచ్చ చుక్కలు. నా నీడ పడగానే మూసుకుంది. కాస్త కదిలి నీడ తప్పిస్తే మళ్లీ మెల్లగా తెరిచింది. ఈ మూసీ తెరిచే ఆట నేను ఎంతసేపు చూశానో, మా ఆవిడ వచ్చి కాలు పట్టి లాగింది.

తిరిగొచ్చాక జెట్టీలో ఒక పెద్దాయన్ని గార్డు ఆపాడు. రుమాల్లో పగడపు ముక్కలు. "బీచ్‌లో పడున్నవే కదయ్యా, చచ్చినవే!" అని ఆయన వాదన. చచ్చినదైనా పగడం పగడమే, చట్టం ఒప్పదు. ఎయిర్‌పోర్టులోనూ వెతుకుతారు. రుమాలు ఖాళీ అయింది.

సాయంత్రం మళ్లీ జంగ్లీఘాట్ వెళ్లాం. పొద్దున పట్టిన కోనాం ఆ పెద్దావిడే ఎంచి, ముక్కలు కోసి, పక్క సందులో తెలుగు మెస్సులో ఇచ్చి పులుసు పెట్టించుకోమంది. పులుసు చిక్కబడేలోపు మెస్సు కుర్రాడు హావ్‌లాక్ మడ అడవుల్లో రాత్రి కయాక్ గురించి చెప్పాడు. తెడ్డు వేసిన చోటల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయట. "మీరు పున్నానికొచ్చీసారు సార్, ఎన్నెల్లో ఏటీ కనబడదు. అమాసకి రావాల."

మా బావమరిది వేళ్ల మీద లెక్కేశాడు. "ఉగాది ముందు రోజు అమావాస్యే కదా బావా? నీళ్లు కూడా అప్పటికి ఇంకా తేటగా ఉంటాయి. ఇప్పుడే టికెట్లు చూస్తా."

"వేపపువ్వు ఇక్కడ దొరుకుతుందో లేదో ముందు కనుక్కో" అంది మా ఆవిడ, తోక ముక్క తన విస్తట్లో వేసుకుంటూ.